రెండో కాగితం

మౌనిక సంగతి చెప్పాలంటే ముందు నా సంగతి చెప్పుకోవాలి. అదే నాకు చిరాకు. నా పేరు కుసుమకుమారి. యాభై తొమ్మిదేళ్ళు. మాది రేపల్లె దగ్గర. దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగ్ సెంటర్ల వెనక సందులో ఆడపిల్లల హాస్టల్ నడుపుతున్నాను, ఇరవై ఏళ్ళు దాటింది. అరవై మంది పిల్లలు, మూడంతస్తులు, ఒకటే వంటిల్లు. బ్యాంకు పరీక్షలకు వచ్చినవాళ్ళు, గ్రూప్స్‌కు వచ్చినవాళ్ళు, దేనికి వచ్చారో మరిచిపోయి ఇక్కడే ఉండిపోయినవాళ్ళు. పొద్దున ఉప్మాలో ఉప్పు లేదని ఒకత్తె, రాత్రి పప్పు నీళ్ళగా ఉందని ఇంకొకత్తె. రోజూ తల ప్రాణం తోకకొస్తుంది. అయినా మూసెయ్యలేదు. మూసేసి ఏం చెయ్యాలో తెలీదు, అంతే.

మా వంటామె ఈరమ్మ. దేవరకొండ వైపు పల్లె నుంచి పదిహేడేళ్ళ కిందట పదేళ్ళ కూతురి చెయ్యి పట్టుకుని వచ్చింది. మొగుడు మట్టయ్య పళ్ళ మార్కెట్‌లో లారీలు దించేవాడు. మార్కెట్ బాటసింగారం వెళ్ళిపోతే తనూ వెనకాలే రోజూ అంత దూరం వెళ్ళి మోశాడు. చివరికి నడుం పడిపోయి ఇంటిపట్టున కూచున్నాడు. ఎల్.బి.నగర్ అవతల ఒక కిరాయి గదిలో ఉంటారు. ఆ కూతురే మౌనిక.

జీతం మాట్లాడుకున్న రోజున అన్నం మాట రాలేదు. మా సందులో ఏ హాస్టల్లోనూ రాదు. వంటామె రోజూ ఒక ముప్పావు కిలో ఎక్కువే పోస్తుంది. పోస్తుందని మాకు తెలుసు. మాకు తెలుసని ఆమెకూ తెలుసు. రాత్రి పిల్లలు తిన్నాక "జరంత మిగిలిందమ్మా" అంటుంది, "తీసుకుపో, పారబొయ్యడం ఎందుకూ" అంటాం. క్యారియర్ నింపుకుని పోతుంది. ఆమె అడగలేదు, మేము ఇవ్వలేదు. ఇద్దరి మర్యాదా నిలబడుతుంది. ఇన్నేళ్ళలో ఇందులో తప్పుందని నాకు ఒక్కసారీ తోచలేదు.

మౌనిక స్కూలు నుంచి నేరుగా మా వంటింటికే వచ్చేది. బియ్యం బస్తా మీద పుస్తకం పెట్టుకుని కింద కూచుని లెక్కలు చేసేది. మొండిఘటం. కూర తరుగుతున్న తల్లిని "దినాం ఎన్ని కిలోలు వండుతవే? ఎంత పారబోస్తరే?" అని ప్రాణం తీసేది. "నీకెందుకే ఆ ఆరాలు? ఎక్కాలు చదువుకో" అని నేనే కసిరేదాన్ని.

ఇంటర్లో ఉండగా ఒక గొడవైంది. ఆ రోజు పిల్ల పుట్టినరోజు, ఆదివారం. మధ్యాహ్నం మిగిలిన చికెన్ ఈరమ్మ క్యారియర్లో సర్దుతోంది. మౌనిక ఆ గిన్నె తీసి గట్టు మీద పెట్టేసింది.

"నాకద్దు. ఒక్కదినమన్న మనకోసమని వండవే. వేరేటోళ్ళు తినంగ మిగిలింది తిని తిని యాష్టకొచ్చింది."

ఈరమ్మ చాచి లెంపకాయ కొట్టింది. నేను గుమ్మంలోనే ఉన్నాను. ఫోన్ వచ్చినట్టు నటించి చెవి దగ్గర పెట్టుకుని బయటికి వెళ్ళిపోయాను. ఏం చెప్పను? మిగిల్చింది మేమే కదా. ఆ పిల్ల ఆ పూట అన్నం ముట్టలేదని మర్నాడు తెలిసింది.

తర్వాత చదువులో పడింది. డిగ్రీ అయింది. వ్యవసాయ వ్యాపారంలో ఎంబీఏ అయింది. అది చాలదన్నట్టు స్కాలర్‌షిప్ తెచ్చుకుని పబ్లిక్ పాలసీ అని ఇంకో రెండేళ్ళు చదివింది. "ఎంబీఏ అయ్యాక ఏదో కంపెనీలో చేరి అమ్మను కూచోబెట్టక, ఇంకా చదువేమిటే?" అని నేను అడక్కుండా ఉండలేకపోయాను.

"ఎంబీఏల తక్కువ ఖర్చుకు ఎట్ల వండాల్నో చెప్తరు ఆంటీ. వండినంక ఎవరు తిన్నరు, ఎవరు తినలే, గది చెప్పరు. సర్కారు చదువుల గది చెప్తరు. వాళ్ళకేమో దుకాణం ఎట్ల నడుస్తదో తెల్వది. ఇద్దరు ఎన్నడు ఒక్క రూముల కూసోరు. నేను రెండు చదివితె నా ఒక్కదాని తలకాయలనన్న కూసుంటరు గద."

ఆ మాటకు నవ్వాను. అప్పట్లో నవ్వొచ్చింది.

ఉద్యోగం ఒక చిన్న సంస్థలో దొరికింది. తిండి ఎక్కడ పండుతుంది, ఎన్ని చేతులు మారుతుంది, ఎవరి కంచం దాకా చేరదు, ఇవన్నీ చూసి సర్కారుకు రాసిచ్చే సంస్థ. పేరు గొప్పే, జీతం అంతంతమాత్రం. తెల్లవారకముందే బాటసింగారం పోయి బత్తాయి రైతులతో మాట్లాడేది. పదింటికి ఆఫీసు. సాయంత్రం భుజాన లాప్‌టాప్, చేతిలో తూకం మిషన్ పెట్టుకుని హాస్టళ్ళ చుట్టూ తిరిగేది. మెట్రోలో నిలబడే నిద్రపోతానని ఒకసారి చెప్పింది. గొప్పకు చెప్పలేదు, నా కుర్చీలో కూలబడి కళ్ళు మూసుకుని చెప్పింది. ఇరవై ఏడేళ్ళ పిల్ల, మెట్లెక్కేటప్పుడు నాలాగే మోకాలి మీద చెయ్యేసుకునేది.

నిరుడు జూన్‌లో రెండు కాగితాలు తెచ్చి నా బల్ల మీద పెట్టింది.

మొదటి కాగితం సులువే. మధ్యాహ్నం మూడింటిలోగా పిల్లలు రాత్రి భోజనానికి ఉంటారో లేదో ఫోన్‌లో నొక్కాలి. ఎంతమంది ఉంటే అంతమందికే బియ్యం తూచి ఇవ్వాలి. కూరగాయలూ పళ్ళూ హాస్టళ్ళన్నీ కలిసి నేరుగా రైతు సంఘాల దగ్గర కొనాలి. రైతుకు నాలుగు రూపాయలు ఎక్కువ, మాకు నాలుగు తక్కువ. బకెట్లో పారబోసేది ఉండదు.

రెండో కాగితంలో ఉన్నది ఒకటే ముక్క. వంట తగ్గితే మిగిలేది తగ్గుతుంది. కాబట్టి వంటామె ఇంటికి సరిపడా రాత్రి అన్నం, కూర ఆమె జీతంలో భాగమని ముందే రాసివ్వాలి. మిగిలిన అన్నం కాదు, ఆమె కోసం వండిన అన్నం.

"రెండు ఒక్కసారే చెయ్యాలె ఆంటీ. ఒకటి చేసి ఇంకోటి ఇడిచిపెడితె వంటోళ్ళ కడుపు కొట్టినట్టయితది" అని వారం రోజులు నా చెవిలో ఇల్లు కట్టుకుని పోరింది. సరే, సంఘంలో అడుగుదాం అన్నాను.

మా హాస్టల్ యజమానుల సంఘం నెలకోసారి, రెండో ఆదివారం, ఎల్.బి.నగర్‌లో ఒక ఫంక్షన్ హాలు పైగదిలో కూచుంటుంది. ఇరవై మూడు మందిమి. కార్యదర్శి మురళీకృష్ణ, మా వైపు మనిషే, తియ్యగా మాట్లాడతాడు. మౌనిక గోడ మీద బొమ్మలు వేసి గంటసేపు చెప్పింది. అందరూ చప్పట్లు కొట్టారు.

"మొదటి కాగితం బ్రహ్మాండంగా ఉందమ్మా. ఈ నెలనుంచే మొదలుపెట్టేద్దాం. రెండోది కొంచెం ఆలోచించుకుని వచ్చే మీటింగులో చూద్దాం. ఏమంటారు?" అన్నాడు మురళీకృష్ణ.

చేతులెత్తారు. నేనూ ఎత్తాను. ఎత్తలేదని అబద్ధం చెప్పి ఎవరిని ఉద్ధరించాలి? బియ్యం ఆదా అవుతుందంటే ఏ హాస్టల్ మనిషి చెయ్యి లేవదు?

మౌనిక మొహం మాడిపోయింది. ఒప్పుకోనని తన ఆఫీసులో చెప్పిందట. ఒప్పుకున్నంత వరకు మొదలుపెట్టు, తక్కినది తర్వాత అదే వస్తుంది అన్నారట పైవాళ్ళు. మొదలుపెట్టింది.

చెప్పకూడదు గానీ, పథకం గొప్పగా నడిచింది. బకెట్లో మెతుకు లేదు. మూడు వారాలకే ఒక బస్తా బియ్యం ముట్టుకోకుండా అలాగే ఉండిపోయింది. నేను ఆ బస్తాను చూసి మురిసిపోయాను. ఈరమ్మ ఖాళీ చేతులతో వెళుతోందని గమనించకపోలేదు. కూతురు సంపాదిస్తోంది కదా, ఆమెకేం లోటు అనుకున్నాను.

లోటు ఈరమ్మకు కాదు. మా సందులో, పక్క సందులో వంటలు చేసే ఐదుగురిని ఊరి నుంచి తెచ్చి పనిలో పెట్టింది ఈరమ్మే. ఒకామె సొంత ఆడబిడ్డ. వాళ్ళ ఇళ్ళల్లో ఎంబీఏ చదివిన కూతుళ్ళు లేరు. ఒకరోజు సాయంత్రం ఐదుగురూ మా వెనక గేటు దగ్గరకొచ్చి దులిపేశారు. కిటికీలోంచి నాకంతా వినపడింది.

"నీ బిడ్డ సదువుకొని మా గిన్నెలు బోర్లేసింది గదనే అక్కా! నువ్వు రమ్మంటెనే గద ఒచ్చినం? రాత్రి పూట పోరగాండ్లకు ఏం పెట్టాలె?"

"మీ సేట్లను అడుగున్రి" అంది ఈరమ్మ.

"అడిగి తెచ్చుకునుడు అడుక్కునుడే. మిగిలింది తెచ్చుకున్నంగని, మేమెన్నడన్న అడుక్కున్నమా?"

ఈరమ్మ కుళాయి తిప్పిన చప్పుడు వినపడింది.

రెండో కాగితం జూలై మీటింగులో బోనాలని వాయిదా పడింది. ఆగస్టులో చవితి చందాల గోలలో పడింది. సెప్టెంబరులో కొత్త అడ్మిషన్లు. మౌనిక ప్రతిసారీ ఆ కాగితం అచ్చు వేయించి తెచ్చేది, ఇరవై మూడు కాపీలు, మళ్ళీ సంచిలో పెట్టుకుని పోయేది. ఒకసారి నేను ఓదార్పుగా ఏదో అనబోయాను. "మీరు గూడ చెయ్యెత్తిన్రు గద ఆంటీ" అంది. కోపంగా అన్నా బాగుండేది. ఓపిక లేక మెల్లగా అంది.

ఈలోగా ఆ ఐదుగురూ చల్లబడ్డారు. సాయంత్రం వేళ డబ్బాలు పట్టుకుని మా వెనక గేటుకు వస్తున్నారు, ఈరమ్మతో కాసేపు మాట్లాడి పోతున్నారు. ఊరివాళ్ళు, కబుర్లుంటాయి అనుకున్నాను.

దసరా తర్వాత మౌనిక వండిన అన్నాన్ని కూడా తూచడం మొదలుపెట్టింది. నాలుగు వారాలు తూచి ఒకరోజు నా గదికి వచ్చి తలుపు దగ్గరగా వేసింది.

"ఆంటీ, జర నిజం చెప్పున్రి. మీరు ఆరు కిలోలు తూచి ఇస్తున్నరు. పదిహేడు, పద్దెనిమిది కిలోల అన్నం రావాలె. ఇరవై ఒస్తుంది. మీరు పైన ఇంకేమన్న పోస్తున్నరా?"

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "నాకేం పనే? నా బియ్యం నేనే దొంగతనంగా పోసుకుంటానా? తాళం నా కొంగునే ఉంది, చూసుకో!"

"మీరు పోస్తలేరంటె, మరి అన్నం యాడికెళ్ళి ఒస్తుంది?"

ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. వంటిల్లు ఎవరి చేతిలో ఉందో ఇద్దరికీ తెలుసు. ఆ పిల్ల తూకం మిషన్ సంచిలో పెట్టేసింది. తల్లి దొంగతనం చేస్తోందని నా ఎదుట అనుకోవడం ఎంత కష్టమో నాకు అప్పుడు తెలిసింది. నేనైతే నిజంగానే అనుకున్నాను. తాళానికి ఇంకో చెవి చేయించిందేమో అని కూడా అనుకున్నాను. ఆ మాట రాయడానికి ఇప్పుడు సిగ్గుగా ఉంది.

వంటవాళ్ళు పోయేటప్పుడు సంచి మీద ఒక కన్నేసి ఉంచడం మా అందరికీ అలవాటే. నేనూ చూస్తాను, చూడనట్టు చూస్తాను. పనిలోకి వచ్చేటప్పుడు సంచి చూడాలని ఏ యజమానికైనా తోస్తుందా? నాకు తోచలేదు.

సాయంత్రం ఐదున్నరకు ఇద్దరం చప్పుడు కాకుండా వంటింటి గుమ్మంలో నిలబడ్డాం. ఈరమ్మ నేనిచ్చిన బియ్యం కడిగింది. తర్వాత తన సంచి విప్పి, అందులోని బియ్యం మూడు గ్లాసులు కొలిచి అదే డేగిసాలో పోసింది.

"గిదేందమ్మా?" అంది మౌనిక.

ఈరమ్మ ఉలిక్కిపడింది. మమ్మల్ని చూసి గ్లాసు కింద పెట్టింది. "బియ్యం బిడ్డా."

"మన రేషన్ బియ్యమా?"

"ఆఁ."

"నువ్వు గవి పడ్తలేవంటివి గద? కడుపు నొస్తుందని చెప్పి దుకాణంల వేరే కొంటుంటివి గద?"

"నాకు పడ్తలేవు. వీళ్ళకు పడ్తున్నయ్." నవ్వబోయి మానేసింది. నిరుటి నుంచి రేషన్ షాపులో సన్నబియ్యం ఇస్తున్నారు. పాత దొడ్డుబియ్యమైతే నా పిల్లలు మొదటి ముద్దకే పట్టేసేవాళ్ళు. ఇప్పుడు నా బియ్యంలో కలిసిపోయింది, ఎవరికీ తెలియలేదు.

మౌనిక కింద కూలబడింది. "ఎందుకే? మూడు నెలల సంది గిదే పనా?"

"ఇంకేం చెయ్యమంటవే? నీ లెక్క కరాబు కావద్దు. ఈ అమ్మ బియ్యంల ఒక్క గింజ ముట్టద్దు. ఆళ్ళ డబ్బాలు ఖాళీగ పోవద్దు. మూడు ఎట్ల కుదురుతయ్? గిట్లనే కుదురుతయ్. మిగిలిందని చెప్పి పెడుతున్న. మిగిలిందంటె తీస్కపోతరు. నేను తెచ్చిన్నంటె ముట్టరు."

"నాకెందుకు చెప్పలే?"

"చెప్తె నువ్వు రాస్తవు. రాస్తె ఆళ్ళ ఇజ్జత్ పోతది, నీ నౌకరి పోతది."

ఆ పిల్ల ఏడ్చింది. చిన్నప్పుడు లెంపకాయ తిన్న రోజున కూడా ఏడవలేదు. "నేను అప్పుడే ఆపాల్సింది. రెండోది లేకుంట మొదటిది చెయ్యనని గట్టిగ చెప్పాల్సింది" అని పదిసార్లు అంది. ఈరమ్మ తడిచేత్తోనే కూతురి తల నిమిరి, మళ్ళీ పొయ్యి దగ్గరకు వెళ్ళింది. పిల్లలు ఎనిమిదింటికి కంచాలు పట్టుకుని వస్తారు, ఏడుపుకు టైం లేదు.

"ఇక నువ్వు తేవద్దు ఈరమ్మా. నా బస్తాలోంచే పొయ్యి, ఆ ఐదుగురికీ" అన్నాను.

"అద్దమ్మా. మీరిస్తె గది మీ దయ అయితది. ఆళ్ళు రారు. ఆళ్ళ సేట్లు రాసియ్యాలె, ఆళ్ళ కష్టానికి. నా బిడ్డ గదే గద చెప్పింది?" అంది.

చదువు లేని మనిషి. ఇరవై మూడు మంది యజమానులకు ఎక్కని ముక్క ఆమెకు ఎక్కింది.

నవంబరు రెండో ఆదివారం మౌనికతో పాటు ఎల్.బి.నగర్ వెళ్ళాను. ఆ పిల్లను మాట్లాడనివ్వకుండా నేనే లేచాను. నాకు సభల్లో మాట్లాడడం రాదు. జరిగింది జరిగినట్టు చెప్పాను. మన బస్తాలు మిగిలింది తెలివివల్ల కాదండీ, ఒక వంటామె రేషన్ బియ్యం వల్ల అన్నాను. ఆ ఐదుగురు ఎవరి వంటవాళ్ళో పేర్లు మాత్రం చెప్పలేదు.

మురళీకృష్ణ నవ్వాడు. "అయితే మీ వంటామెను మాకు పంపించెయ్యండి కుసుమగారూ. బియ్యం కూడా ఆమే తెచ్చుకుంటుందిగా!"

ఘొల్లుమన్నారు. నవ్వినవాళ్ళలో నా ఇరవై ఏళ్ళ స్నేహితులున్నారు. నేను ఏం తిట్టానో నాకు సరిగ్గా గుర్తులేదు. మా ఊరి తిట్లే తిట్టి ఉంటాను. మౌనిక చేతిలోంచి రెండో కాగితం లాక్కుని సంతకం పెట్టాను. చివరి కుర్చీలోంచి వేదవతి లేచి వచ్చి తనూ పెట్టింది. ఆవిడ హాస్టల్ చిన్నది, ముప్పై మంది పిల్లలు, అద్దె కట్టలేక అవస్థ పడుతుంది. పెద్ద పెద్ద హాస్టళ్ళవాళ్ళు టీ తాగుతూ కూచున్నారు. చీమ కుట్టినట్టైనా లేదు. వచ్చే మీటింగులో చూద్దాం అన్నారు.

తిరిగి మెట్రోలో వచ్చాం. సీటు దొరికింది కానీ మౌనిక నిద్రపోలేదు. చైతన్యపురి దాటాక అంది, "రిపోర్టుల బియ్యం సంగతి రాస్త ఆంటీ. మీ హాస్టల్ పేరు ఒస్తది."

"రాయి" అన్నాను. ఇంకేమనను? ఇరవై ఏళ్ళ పేరు, ఒక వాక్యంలో పోతుంది. పోనీ.

మేము వచ్చేసరికి ఈరమ్మ సాయంత్రం వంటకు కూర్చుంది. చెయ్యి ఆపకుండానే అడిగింది. "ఎందరు పెట్టిన్రమ్మా సంతకం?"

"ఇద్దరం. నేనూ, వేదవతీ."

గొప్ప పని చేసి వచ్చినట్టు చెప్పలేకపోయాను. ఈరమ్మ ఐదు వేళ్ళూ చాపింది.

"వేదవతమ్మ కాడ చేసేది మా ఆడిబిడ్డనే. అంటె ఆమె డబ్బా ఆడనే నిండుతది." ఒక వేలు ముడిచింది. "ఇగ నలుగురు. మంచిదే అమ్మా. రేపటి సంది అరగ్లాసెడు తక్కువ తెస్త."

మౌనిక తల్లి పక్కన కూచుని బెండకాయలు తరగడం మొదలుపెట్టింది. నేను లోపలికి వెళ్ళి తలుపు వేసుకున్నాను. రెండు పెద్ద చదువులు, ఐదు నెలలు, ఇరవై మూడు మంది యజమానులు. అన్నీ కలిసి ఈరమ్మ సంచిలో తగ్గించింది ఆ అరగ్లాసు బియ్యమే.